రెండో ఇంజను

అందుకే ఆ తెల్ల విమానాన్ని వద్దనుకుంటున్నాను, లాక్‌డౌన్ పొడుగునా షెడ్డులో కదలకుండా పడున్న ఇంజనుకి లోపల తుప్పు పట్టకుండా ఎలా ఉంటుంది, కమ్ చలా హై సాహెబ్, బిల్కుల్ నయా జైసా అంటాడు బ్రోకరు హసముఖ్‌భాయ్, మాస్కు గడ్డం కిందికి లాక్కుని మరీ, తక్కువ తిరగటం అమ్మేవాడికి గొప్ప, హజీరా ప్లాంటులో ఇన్నేళ్లు పంపులతో కాపురం చేసిన నాకు తిరగని యంత్రమంటేనే అనుమానం, ఆ పక్కన నీలం చారలది చూడు, సీటు చిరిగింది, రంగు వెలిసింది, అయినా వారం వారం ఎగురుతూనే ఉంది, అదే నయం, ఎలాగూ రెండూ రెండేసి ఇంజన్లవే, ఒకటి మొరాయిస్తే ఇంకోటి ఉంటుంది, ప్లాంటులో ముఖ్యమైన ప్రతి పంపు పక్కనా స్టాండ్‌బైగా ఇంకోటి పెట్టించాను, ఒక్కదాన్నే నమ్ముకుని ఏనాడూ నిద్రపోయినవాణ్ని కాను, అబ్బ, కళ్లజోడు నిండా ఆవిరి, మా ఆవిడ విశాలాక్షి ఏది, అదుగో, నీలం చారలదాంట్లో అప్పుడే ఎక్కి కుడిపక్క సీట్లో కూర్చుంది, చీర కుచ్చిళ్లు ఎక్కడ తగులుకుంటాయోనని ఒక చేత్తో పట్టుకుని.

ఈవిడ కోసమే కదా ఇదంతా, రైళ్లూ విమానాలూ ఆగిపోయిన ఆ వేసవిలో రాజమండ్రిలో తన తమ్ముడు కిరీటి పోతే, పొయ్యిగట్టుకి ఫోన్ ఆనించుకుని దహనం అందులోనే చూసింది, నేను పక్కన నిలబడి సిగ్నల్ బాగుందా అని అడిగాను, ఏం అడగాలో తెలియక, ఇంకెప్పుడూ ఎవరి టికెట్టు కోసమూ ఎదురుచూడకుండా నేనే తీసుకెళ్లాలని ఆ రోజే అనుకున్నాను, సరదాకి సంపాదించిన పైలట్ లైసెన్సు ఉండనే ఉంది, రెండింజన్లకి మాత్రం వేరే శిక్షణ కావాలన్నారు, పోయిన నెల ఆ శిక్షణలోనే కెప్టెన్ నిరంజన్ గారు గాల్లో ఉండగా కావాలనే ఒక ఇంజను జోరు తగ్గించేశారు, విమానం ముక్కు అటు తిరిగిపోయింది, తొక్కండి, పెడలు తొక్కండి రావుగారూ అని అరిచారు, తొక్కాను, కాస్త ఆలస్యంగా, దిగాక మెల్లిగా అన్నారు, ఇది మీ ప్లాంటులో పంపు కాదండీ, ఒకటి ఆగితే రెండోది తనంతట తాను మోసుకుపోదు, దాన్ని మీరు పట్టుకోవాలి, లేకపోతే అదే మిమ్మల్ని తిరగేస్తుంది, ఈ ముక్క ఇంట్లో చెప్పలేదు, భయపడుతుందని, అదీకాక నాకూ పరువుంటుంది.

ఏవండీ, ఒకసారి ఇలా వస్తారా, అని పిలుస్తోంది, రెక్క మీదికి ఎక్కితే ఆయాసం, ఇదివరకు లేదు, ఒక ఇంజను ఆగితే ఇంకోటుంది, సరేనండీ, మరి మీరు ఆగిపోతే, అంది, నవ్వేశాను, పొద్దున్నే ఏం మాటలే అవి అన్నాను, ఆవిడ నవ్వలేదు, మొన్న ఏప్రిల్లో ఆగిపోయారుగా అంది, హసముఖ్‌భాయ్‌కి తెలుగు రాకపోవటం ఎంత మంచిదైంది, ఏప్రిల్, నాకు ఊపిరి అందని ఆ మధ్యాహ్నం, అంబులెన్సు వస్తుంది వస్తుంది అంటారేగానీ రాదు, డ్రైవరు ఊరెళ్లిపోయాడు, కారు కిందే ఉంది, తాళంచెవి ఈవిడ చేతిలోనే ఉంది, నడపటం రాదు, కరోనా అన్న మాట వినగానే గొళ్లెం పెట్టేసుకున్న తలుపుల ముందు వచ్చీరాని హిందీలో బతిమాలుతూ తిరిగింది, గాడీ హై భాయ్, చలానా నహీ ఆతా, చివరికి కింది అంతస్తు జమునాబెన్ ముఖానికి చున్నీ చుట్టుకుని చలో భాభీ, బేసో, ఎక్కి కూర్చోమంటూ స్టీరింగు పట్టుకుంది, వెనకసీట్లో నా తల ఈవిడ ఒళ్లో, నా నుదుటి మీద ఆ చేతులు వణుకుతూనే ఉన్నాయి, భయమనుకున్నాను ఇన్నాళ్లూ, భయమొక్కటే అయ్యుండదు, చచ్చేంత కోపం కూడా, తాళంచెవి పట్టుకుని ఏమీ చెయ్యలేకపోయినందుకు.

నిజానికి ఎక్కనని ఒక్కసారీ అనలేదు విశాల, దీన్ని ఎలా దించుతారండీ అనే అడుగుతూ వచ్చింది, టీ తాగుతూ, బట్టలు మడతపెడుతూ, నేనేమో ఇంకో ఇంజనుంది, ఇంకో రేడియో ఉంది అంటూ ధైర్యం చెప్పాను, అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబిచ్చాను, బుద్ధి లేకపోతే సరి, ఏది కొన్నా అందులో స్టాండ్‌బై లేనిది నాకొక్కడికే కదా, కౌన్సా ఫైనల్ సాహెబ్ అంటున్నాడు హసముఖ్‌భాయ్, రెండూ కాదు భాయ్, ఒకే ఇంజనుది, చిన్నది, నేర్చుకోవటానికి తేలికైనది ఉంటే చూపించు అన్నాను, ఎవరు నేర్చుకుంటారు సాహెబ్ అన్నాడు, ఆ హిందీ అర్థమైందో లేదో గానీ విశాల నా వైపు తిరిగింది, తన ముందున్న చక్రం మీద చేతులు రెండూ పెట్టి, అవి వణకటం లేదు, ముందు దించటం నేర్పండి, ఎగరేయటం తర్వాత చూద్దాం అంది, నేను పక్కకి ఒరిగిపోయిన రోజున నన్ను కిందికి చేర్చే మనిషి ఒకరుండాలనుకుంటోంది ఈవిడ, ఆ మనిషి తనే కావాలనుకుంటోంది.