బొట్టు పెట్టిన గొట్టాలు

"ఆ హీటర్ పంపిన రోజు నువ్వు బయటున్నావేటే?"

మా ఆయన గుణశేఖర్ ఈ మాట అడిగింది ఇంట్లో కాదు. ఆటోనగర్‌లోని మా షెడ్డులో, హీటర్ కొన్న గురునాథరావు గారి ఎదుట, వెల్డర్ల ఎదుట. నా చేతిలో టీ గ్లాసుల ట్రే ఉంది. ఆడది బయట ఉండడమంటే ఏమిటో అక్కడున్న మగవాళ్లందరికీ తెలుసు. వెల్డర్లు తల దించుకుని నేలకేసి చూశారు. నవ్వినా అంత బాధ ఉండేది కాదు.

మనసులో లెక్క చూసుకున్నాను. ఫిజిక్స్ డిగ్రీ చదివినదాన్ని, గాజు ఎందుకు పగులుతుందో తెలిసినదాన్ని, ఆ రోజు నాకు నెల వచ్చిందా అని వెతుక్కున్నాను. రాలేదని తేలాక హమ్మయ్య అనుకున్నాను. ఆయన అడిగినదానికన్నా నా హమ్మయ్యకే ఎక్కువ సిగ్గేసింది.

గురునాథరావు గారికి గాజువాకలో కార్లకు రంగులు వేసే షెడ్డు ఉంది. రంగు ఆరబెట్టడానికి మా దగ్గర ఇన్‌ఫ్రారెడ్ హీటర్ కొన్నారు. నిన్న అందులో ఒక గొట్టం పేలింది. ఎర్రగా కాలిన గాజు ముక్క పెయింటర్ దొరబాబు కనుబొమ మీద పడింది. కాస్త కిందికైతే కన్ను పోయేది. బదులుగా ఇంకో హీటర్ ఇస్తామన్నాం. ఆయన దాని కోసమే వచ్చారు. పగిలిన గొట్టాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టారు.

హీటర్లు తయారుచేసేది నేను. ఏ రంగుకి ఏ గొట్టం, ఎంత దూరంలో పెట్టాలి, అన్నీ నేనే చూస్తాను. విజిటింగ్ కార్డు మీద పేరు మా ఆయనది. వంట చేస్తూ నేను చెప్పిన మాటలే కస్టమర్లకు ఆయన చెబుతాడు. "ఇది గాలిని వేడి సెయ్యదు బావా. ఈ కిరణాలు కంటికి కనపడవు గానీ, ఎండలాగ నేరుగా రంగు మీద పడతాయి." నేను పక్కనుంటే, టీ పెట్టమంటాడు. పెడతాను.

మా షెడ్డులో ఏ సరుకూ పూజ లేకుండా గడప దాటదు. అంతవరకు నాకూ ఇష్టమే. కానీ ఆయన బొట్లు పెట్టేది హీటర్ ఇనప చట్రానికి కాదు, వరసగా ఉన్న క్వార్ట్జ్ గాజు గొట్టాలకి, ఒక్కో నుదుటికి పెట్టినట్టు. ఆ గాజుని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. చెమటలో ఉన్న ఉప్పు, అంత వేడికి గాజుని తినేస్తుంది. కుంకుమలో సున్నం, అది ఇంకా చేటు. మరక పడ్డచోట గాజు తెల్లబడి, చీలిపోతుంది. ఇది చెప్పినప్పుడు ఆయన స్నేహితుల ముందు నవ్వాడు. "మా ఆవిడకి దేవుడి బొట్టూ మురికేనంట బావా." మా అత్త భ్రమరాంబ అందుకుంది. "సదూకున్నాది కదా, అమ్మోరికీ పాఠం సెప్తాది."

ఇందాక గుడ్డ విప్పగానే గొట్టం మీద తెల్లటి మచ్చ కనపడింది. బొట్టంత మచ్చ. పగులు అక్కడే మొదలైంది. నేను చూశాను. నేను చూసిన సంగతి ఆయనా చూశాడు.

అప్పుడే అడిగాడు, బయటున్నావేటే అని.

అత్త పసుపు కుంకుమ పళ్లెంతో లేచింది. ఈసారి పూజ తన చేత్తోనే జరగాలని పొద్దున్నే వచ్చింది. "నువ్వా పక్కకెళ్లు గౌరీ. ఏదో అంటు తగిలింది," అని కొత్త గొట్టాలకు బొట్లు పెట్టడం మొదలుపెట్టింది. గురునాథరావు గారు చెప్పులు విప్పి, దణ్ణం పెట్టుకున్నారు.

"బాగా ఎట్టండమ్మా. రేపు మళ్లీ మా దొరబాబు దాని కిందే కూకోవాల."

ట్రే కింద పెట్టాను. తెల్ల గ్లౌజులు తొడుక్కుని, స్పిరిట్ సీసా తెచ్చి, మొదటి గొట్టం మీది బొట్టు తుడిచాను.

"బొట్టు తుడుస్తావేటే? మొగుడు ఎదర నిలబడుండగా?"

అత్త గొంతుకి చెయ్యి ఆగిపోయింది. చావింట్లో ముత్తయిదువలు చుట్టూ నిలబడి ఒకామె నుదురు తుడవడం చిన్నప్పుడు చూశాను. నా వేళ్లకి అది గుర్తొచ్చింది. గుణశేఖర్ చాలా నెమ్మదిగా, ఇంటికెళ్లు, అన్నాడు. మామూలుగా ఆ నెమ్మదికే నేను భయపడతాను.

రెండోది తుడిచాను. మిగతావన్నీ తుడిచాను. పగిలిన గొట్టం గురునాథరావు గారి చేతిలో పెట్టి, మచ్చ ఎలా పడిందో చెప్పాను. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశారు. తర్వాత మా ఆయన మొహం చూశారు. మా ఆయన వెల్డర్లని పని చూసుకోమన్నాడు. వాళ్లు కదల్లేదు.

స్విచ్ వేశాను. గొట్టాలన్నీ ఒక్కసారి వెలిగాయి. వేడి చెంపలకి తగిలింది. అందరికీ వినపడేలాగే అన్నాను.

"గురునాథరావు గారూ, ఆ రోజు కాదు, నాను ఈ రోజు బయటున్నాను. హీటర్ పట్టుకెళ్తారా?"