కర్చీఫ్ వేసిన సీటు

హైమావతి మొదటి సంవత్సరం పిల్లలకు పాత కావ్యాలను పరిచయం చేస్తోంది, చివరి బెంచీలో నేనూ కూర్చుని ఉన్నాను, కిటికీ బయట చెట్లు మెల్లగా వెనక్కి జరుగుతుంటే ఇది తరగతి గది కాదని, ఆమె రోజూ కాలేజీకి వెళ్ళిన పార్వతీపురం బస్సని తెలుస్తుంది, అయినా నల్లబల్ల దాని చోట అది ఉంది, నా భార్య హైమ పోయాక ఇది రెండో వానాకాలమన్న సంగతీ నాకు గుర్తుంది, వీటిలో దేనికీ దేనితోనూ పేచీ లేదు.

"ఏమండీ, అప్పుడే కునికిపాట్లా?"

"లేదు హైమా, వింటున్నా."

"వినండి. మీ బీకాం బుర్రకెక్కితే మా పిల్లలందరికీ ఎక్కినట్టే."

ప్రతి పాఠమూ ముందు వంటింట్లో నాకే చెప్పేది, బెండకాయలు తరుగుతూ, కవి ఏ రాజు కొలువులో ఉన్నాడో, రసమంటే ఏమిటో. రసాల పాఠం సగంలో ఉండగా ఆసుపత్రికి వెళ్ళాం, మిగిలిన సగం కోసమే నేనిప్పుడు వచ్చాను.

"ఎడబాటుకైనా చావుకైనా ఏడుపు ఒకటే కదా, రెండు పేర్లెందుకని అడిగాను. రేపు చెబుతానన్నావు."

ఆమె సుద్దపొడి చేతులు కొంగుకు తుడుచుకుంటుంది, ఆ చేతుల మీద సూదులు గుచ్చిన మచ్చలు లేవు, అది చూసి నా ప్రాణం కుదుటపడుతుంది.

"ఏడుపు ఒకటేనండీ. మళ్ళీ కలుస్తామన్న ఆశ ఉంటే విప్రలంభం, అది ప్రేమలో భాగమే. ఆశ తెగిపోతే కరుణ, వట్టి శోకం. పాతవాళ్ళు గీసిన గీత అంతే."

"మరి నాది ఏది?"

అడగ్గానే పిల్లలు లేరు, నేను బస్టాండులో కింద నిలబడి ఉన్నాను, ఆమె పైన బస్సు కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆ రోజుల్లో జనంలో దూరి, కిటికీలోంచి కర్చీఫ్ విసిరి ఆమెకు సీటు ఆపేది నేను, ఇప్పుడు ఆమె పక్కసీటు మీద నా నీలిగళ్ళ కర్చీఫే పరిచి ఉంది, బస్సు నిండా జనం నిలబడే ఉన్నారు గానీ ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు.

"ఆ సీటు ఎవరికి?"

"ఇంత చెప్పాక కూడా అడుగుతారా? సున్నా మార్కులు."

"ఎక్కనా మరి?"

"ఇప్పుడు కాదు లెండి. కాస్త తిని, నిదానంగా రండి. ఎవరినీ కూర్చోనివ్వను."

బస్సు కదులుతుంది, నేను దాని వెంట పరుగెత్తడం లేదు, చెయ్యి మాత్రం ఊపుతూనే ఉన్నాను.

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. ఎప్పటిలాగే గోడవైపు ఆమె చోటు వదిలి, మంచానికి ఈ అంచున ముడుచుకుని ఉన్నాను. రాత్రి ముఖం తుడుచుకుని ఎప్పుడు వేశానో, ఆ ఖాళీ చోట నా తువ్వాలు పరిచి ఉంది.