గీత కొట్టిన పేర్లు

పలాసలో సోంపేట బస్సెక్కితే బుచ్చమ్మ ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేది. ఒకవైపు కిటికీ కాబట్టి మనుషుల భయం సగమే. రెండో వైపు కూడా ఎవరూ కూర్చోకపోతే బావుణ్ణని రోజూ కోరుకునేది. ఆ సాయంత్రం బస్సులో నాలుగైదు సీట్లు ఖాళీగా ఉన్నాయి. అయినా తెల్లచీర కట్టుకున్న ఒక నడివయసు మనిషి వాటి వంక కన్నెత్తి చూడకుండా, ఏదో ముందే అనుకున్నట్టు వచ్చి ఆమె పక్కనే చతికిలబడింది. కూర్చున్న మనిషి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"జీడిపిక్కల పనికి ఒత్తన్నావేటప్పా?" అని, అక్కా అని పిలిచినంత చనువుగా అడిగింది.

బుచ్చమ్మ నల్లబడ్డ వేళ్లను కొంగులో దాచుకుని, అవునని తలూపింది. ఏ ఊరంటే చెప్పక తప్పలేదు. ఆ తర్వాత ఆవిడ బుచ్చమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "దేవుడికి నీ మీద దయ ఉన్నాది" అంది. మందస దాటి, హరిపురం దాటి, సోంపేట వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు. దారి పొడుగునా బుచ్చమ్మ ఒకటే ఆలోచించుకుంటూ కూర్చుంది. తన సంగతి తెలిసిన మనిషైతే చెయ్యి పట్టుకోదు, తెలియని మనిషైతే పట్టుకోవాల్సిన పని లేదు. ఎటు తిప్పి ఆలోచించినా ఆ మనిషి ఎందుకొచ్చిందో అంతు చిక్కలేదు.

సంగతేమిటంటే, ఊళ్లో బుచ్చమ్మను చిల్లంగిదంటారు. చేతబడికి అక్కడి మాట అది. రెండు వేల నాలుగు నాటికి ఆ ఉద్దానం పల్లెలో మనుషులు వరసగా పోతున్నారు. కాళ్లు వాచేవి, ముఖం ఉబ్బేది, తిన్నది ఇమిడేది కాదు, మూడు నాలుగు నెలల్లో మనిషి వెళ్లిపోయేవాడు. కిడ్నీలు పాడయ్యాయని పట్నం డాక్టర్లు చెప్పారు. ఎందుకు పాడవుతున్నాయో మాత్రం చెప్పలేకపోయారు. డాక్టర్లు చెప్పలేనిది ఊరు చెప్పేసింది. ముందు బుచ్చమ్మ మొగుడు పోయాడు. తర్వాత కుడిపక్క ఇంట్లో ఇద్దరు, ఎడమపక్క ఇంట్లో ఒకరు పోయారు. మధ్యలో ఉన్న బుచ్చమ్మ గుండ్రాయిలా తిరుగుతూనే ఉంది. ఆమె చేసిన తప్పల్లా అదే.

అప్పట్నుంచి ఎవరూ పలకరించడం మానేశారు. నూతి దగ్గర ఆమె బిందె పెడితే పక్క బిందెలు జరిగిపోయేవి. జీడితోటల్లో కూలికి పిలిచేవాళ్లు లేక, ఈ గొడవ తెలియని పలాసలో పిక్కలు కొట్టే పనికి కుదిరింది.

పలకరించకపోతే పీడా పోయె, అసలు భయం అది కాదు. ఆమె మీద ఆ మాట రాకముందే, పక్క ఊరి సన్యాసయ్యకు చిల్లంగి ఉందని తేల్చి, పట్టపగలు రచ్చబండ దగ్గర పట్టకారుతో పళ్లు పీకేశారు. పళ్లు లేని నోటికి మంత్రం తిరగదని ఆ ప్రాంతంలో నమ్మకం. చూడ్డానికి వెళ్లిన జనంలో ఆ రోజు బుచ్చమ్మ కూడా ఉంది. ముసలాడికి తగిన శాస్తే జరిగిందనుకుంది. ఇంటికొచ్చి సుబ్బరంగా అన్నం తింది కూడా. ఇప్పుడు రోజూ పొద్దున్నే లేస్తూనే నాలుకతో తన పళ్లన్నీ తడుముకుంటోంది.

ఎనిమిది రోజులు తిరక్కుండా ఆ తెల్లచీర మనిషి వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది. పేరు ఎస్తేరమ్మ. టెక్కలిలో ఒక చిన్న సంఘం తరఫున ఎవరూ గడప తొక్కని ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేయడం ఆవిడ పని. కుష్ఠురోగుల దగ్గరికి వెళ్తుంది, ఊరు వెలేసిన వాళ్ల దగ్గరికి వెళ్తుంది. వస్తూనే మంచినీళ్లడిగింది. బుచ్చమ్మ చెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. కాలం బావున్న రోజుల్లో టెక్కలి మాలపేటలో పుట్టిన మనిషిని ఆమె అరుగెక్కనిచ్చేదే కాదు. ఇప్పుడేమో తన చేతి నీళ్లు తాగితే ఆవిడకే ఏమైనా అవుతుందేమోనని వణుకు.

"నా సంగతి నీకు తెలీదు, అమ్మా" అంది.

"తెలుసప్పా. సోంపేటలోనే సెప్పినారు. నీల్లియ్యి" అంది ఎస్తేరమ్మ. తీసుకుని గటగటా తాగేసింది.

ఆవిడ అలా తాగడం చూసి బుచ్చమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండేళ్లుగా ఆ ఇంటి నీళ్లు ఎవరూ ముట్టలేదు మరి.

ఎస్తేరమ్మ ఆమె నెత్తిమీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. తర్వాత సంచిలోంచి పొడుగాటి నోటుపుస్తకం, పెన్ను తీసింది. "ఊల్లో జబ్బు మనుసులెవరెవరున్నారో సెప్పప్పా. మా సంఘంలో పేరు పేరునా ప్రార్థన సేత్తాం" అంది.

మూతబడ్డ నోరు తెరుచుకుంటే ఎలా ఉంటుందో చూడాలి. పాపారావుకు వాంతులు ఎప్పుడు మొదలయ్యాయో, కమల ముఖం పొద్దున్నే ఎలా ఉబ్బుతుందో, బొడ్డమ్మత్త కాళ్లు ఎంత లావయ్యాయో బుచ్చమ్మ ఏకరువు పెట్టేసింది. తనతో మాట్లాడని మనుషుల గురించి మాట్లాడుతుంటే, వాళ్లతోనే మాట్లాడుతున్నట్టుంది. మొత్తం ఎనిమిది పేర్లు చెప్పింది. ఎస్తేరమ్మ తలవంచుకుని రాసుకుంది. ఆ రాత్రి బుచ్చమ్మ చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

పన్నెండో రోజున పాపారావు పోయాడు.

మళ్లీ వచ్చినప్పుడు ఎస్తేరమ్మ ఆ కబురు విని నొచ్చుకుంది. పుస్తకం తెరిచి పాపారావు పేరు మీద అడ్డంగా గీత కొట్టింది. బుచ్చమ్మ చటుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అదేటి సేత్తన్నావు?"

"పోయినోల్లకి మేం ప్రార్థన సెయ్యం అప్పా. ఇక ఆ తండ్రి ఇట్టం. ఉన్నోల్ల మీద మనసు పెట్టాల" అంది ఎస్తేరమ్మ. ఆవిడకు అది కూరగాయల పద్దులో కొన్నది కొట్టేసినంత మామూలు పని.

నెల తిరక్కుండా ఇంకొకరు, ఆ వెనకే చంటిపిల్ల తల్లి కమల పోయారు. చెప్పిన ఎనిమిది పేర్లలో మూడు పోయాయి. కమల శవాన్ని మోసుకుపోతుంటే బుచ్చమ్మ తడక సందులోంచి చూసింది. అప్పుడు పుట్టింది ఆమెలో కొత్త భయం. పట్టకారు భయం దీనిముందు ఏ మూలకూ రాదు. ఈ పేర్లన్నీ పలికింది తన నోరే కదా. తను పలికింది, ఆవిడ రాసింది, మనిషి పోయాడు. ఊరి మాటే నిజమైతే? తనకు తెలియకుండానే తనలో చిల్లంగి ఉంటే? సన్యాసయ్యకు మాత్రం తెలిసే ఉందా? బుచ్చమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎవరి పేరూ నోట్లోకి రాకుండా పెదాలు బిగబట్టుకుని తిరిగింది.

ఈసారి ఎస్తేరమ్మ వచ్చీ రాగానే బుచ్చమ్మ ఆవిడ కాళ్లావేళ్లా పడింది. "ఆ పేర్లు సింపీ అప్పా. నీకు పున్నెముంటాది. మిగిలినోల్లైనా బతుకుతారు."

"కాయితం సింపితే జబ్బు పోద్దేటప్పా? పిచ్చి మాటలాడకు. కూకో, ప్రార్థన సేసుకుందాం" అంది ఎస్తేరమ్మ, కొత్తగా పోయిన ఇద్దరి పేర్ల మీదా గీత కొడుతూ.

మంచి మనిషే, కాదనను. కానీ మంచివాళ్లకు ఎదుటివాళ్ల భయం కంటికి ఆనదు. ఆ ఊళ్లో కళ్లు మూసుకుని గొణగడాన్ని ఏమంటారో, జబ్బు మనుషుల పేర్లు రాసుకుపోవడాన్ని ఏమంటారో ఆవిడ ఒక్కసారైనా ఆలోచించలేదు. తడక అవతల మాత్రం ఆలోచించేవాళ్లు చాలామందే తయారయ్యారు. ఇద్దరు ఆడవాళ్లు తడక సందులోంచి అంతా చూశారు. నెత్తిమీద చెయ్యి చూశారు, పుస్తకం చూశారు, గీత కూడా చూశారు.

ప్రార్థన ముగిసేసరికి వాకిట్లో ముప్పై మంది ఉన్నారు. ముందు జోగారావు, బొడ్డమ్మత్త కొడుకు. రెండేళ్ల కిందటి వరకు బుచ్చమ్మను వదినా అని పిలిచేవాడు. వెనక వాళ్లలో సైకిల్ షాపు కుర్రాడు కనబడ్డాడు. వాడి చేతిలో ఏముందో చూడగానే బుచ్చమ్మ నోరు గట్టిగా మూసుకుంది.

జోగారావు ఏమీ అడక్కుండా ఎస్తేరమ్మ ఒళ్లోంచి పుస్తకం లాక్కున్నాడు. పదో తరగతి దాకా చదివినవాడు. తిరగేసి ఒక పేజీ దగ్గర ఆగాడు. "పాపారావు. గీత కొట్టున్నాది" అన్నాడు. జనం వైపు తిరిగి, "కమల. గీత కొట్టున్నాది" అన్నాడు. మూడో గీతను పుస్తకం ఎత్తి అందరికీ చూపించాడు. కమల మొగుడు గోడకు చేరబడి కిందికి జారిపోయాడు.

"ఈ పేర్లు నీకెవలిచ్చినారు?" అని జోగారావు అడిగాడు.

బుచ్చమ్మ ఎస్తేరమ్మ నోటివంకే చూసింది. బస్సులో విన్నానంటే సరిపోతుంది. ఆస్పత్రిలో రాసుకున్నానన్నా సరిపోతుంది. అబద్ధం చెప్పమ్మా, ఒక్క అబద్ధం, అని మనసులోనే మొక్కుకుంది.

"ఈ అప్పే సెప్పింది. మీ మేలు కోరే సెప్పింది" అంది ఎస్తేరమ్మ.

నిజం చెప్పడానికి కొందరికి ఎంత తొందరో. ఆ రెండో మాట ఎవరికీ వినబడనే లేదు. ఇద్దరు ఆడవాళ్లు బుచ్చమ్మ రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఒకడు జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు. సైకిల్ షాపు కుర్రాడు దగ్గరికొచ్చాడు. పట్టకారు నుంచి గ్రీజు వాసన కొట్టింది. బుచ్చమ్మ అరవలేదు. అరిస్తే నోరు తెరవాలి. పళ్లు బిగించి, కళ్లు మూసుకుని, తనకు తెలిసిన దేవుళ్లందర్నీ తలుచుకోబోయి, ఆ పేర్లు పలకడానికి కూడా భయపడింది.

ఎస్తేరమ్మ జనాన్ని తోసుకుంటూ జోగారావు మీద పడింది. "కిందికి సదువు, నాయినా. సగంలో ఆపీకు. నీ కాల్లు పట్టుకుంతాను, ఆకరు దాకా సదువు" అంది.

జోగారావు విదిలించుకున్నాడు గాని, కళ్లు పుస్తకం మీదికి పోయాయి. నాలుగో పేరు వాళ్లమ్మది. దాన్ని పైకి చదవలేక మింగేశాడు. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది చదివాడు. తర్వాత ఆగాడు. తొమ్మిదో పేరు ఇంకొకటి ఉంది.

"బుచ్చమ్మ" అని చదివాడు. "ఇదెవలు?"

"ఈ అప్పే. తను సెప్పలేదు. నేనే రాసుకున్నాను. కాల్లు సూడండి మీరు" అంది ఎస్తేరమ్మ.

 వెనకనుంచి బొడ్డమ్మత్త కర్ర ఊతంతో మెల్లగా వచ్చింది. ఆయాసపడుతూ కింద కూర్చుంది. బుచ్చమ్మ చీర కుచ్చిళ్లు జానెడు పైకెత్తి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కింది. ఆ ఊళ్లో పసిపిల్లకైనా తెలిసిన పరీక్ష అది. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరి కాలు మీద చూసిందే. వేలు తీసేశాక అక్కడ గుంట పడింది. అందరూ తలలు వంచి ఆ గుంటనే చూశారు. అది పూడలేదు.

జుట్టు పట్టినవాడి చెయ్యి సడలితే బుచ్చమ్మ కూడా తల వంచి చూసింది. పిక్కల దగ్గర కూర్చుని కూర్చుని కాళ్లు బరువెక్కుతున్నాయని ఇన్నాళ్లూ అనుకుంది.

"సిల్లంగిదైతే తనకి తనే పెట్టుకోదు గదరా" అని ఎవరో అన్నారు.

రెక్కలు పట్టుకున్న చేతులు వదులయ్యాయి. పట్టుకున్న ఆడవాళ్లలో ఒకామె చెదిరిన బుచ్చమ్మ కొంగు సర్ది భుజం మీద వేసింది. సైకిల్ షాపు కుర్రాడు పట్టకారును వీపు వెనక దాచుకుని జారుకున్నాడు. జోగారావు పుస్తకం ఎస్తేరమ్మ చేతికిచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా నిలబడ్డాడు. ఒకళ్లొకళ్లుగా జనం వెళ్లిపోయారు. తిట్టిన వాళ్లు లేరు, క్షమించమన్న వాళ్లూ లేరు.

"నాకు సెప్పలేదేటి?" అని బుచ్చమ్మ ఎస్తేరమ్మను అడిగింది.

"బయపడిపోతావని" అంది ఎస్తేరమ్మ. 

బొడ్డమ్మత్త ఇంకా కిందే కూర్చుని ఉంది. బుచ్చమ్మ కాలి మీద తన చెయ్యి అలాగే ఉంచింది. "ఓలె బుచ్చీ, రేపు నన్ను సోంపేట ఆస్పత్రికి తీసికెల్తన్నారు. ఆటోలో జాగా ఉన్నాది. నువ్వూ నాతో రా" అంది.

రెండేళ్లుగా ఊళ్లో ఎవరైనా తనను రమ్మని పిలుస్తారేమోనని బుచ్చమ్మ కాచుకుని కూర్చుంది. ఇప్పుడు పిలిచారు. ఆ నిమిషంలో ఆమెకు తాను నిజంగా చిల్లంగిదే అయి ఉంటే బావుండేదనిపించింది.  మెల్లగా అత్త పక్కనే కూర్చుంది.

"ఏ యేలకి ఎల్తారత్తా?" అని అడిగింది.

"ఏడుకి. ఏటీ తినకుండా రా. పరగడుపునే రగతం తీత్తారు" అంది బొడ్డమ్మత్త.