పాప జావ పేజీ

"గుడ్డ ఇంకా బిగించి పట్టు, పొట్టు దిగుతాండాది," అనింది అత్త కదిరమ్మ, పక్కన కూర్చుని వక్క నములుతా.

గౌతమి పళ్ళెం మీద పరిచిన పాత పంచె గుడ్డ అంచులు కాలి బొటనవేళ్ళ కింద తొక్కిపెట్టి, రాగిపిండిని అరచేత్తో రుద్ది రుద్ది కిందికి దించుతూ ఉంది. నానబెట్టి, మూట కట్టి, మొలకలు వచ్చినాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, విసుర్రాయిలో విసిరిన పిండి. ముక్కుకు పిండి అంటించుకుని పాప రూతు ఆ గుట్టలో వేలు పెట్టి నవ్వింది. అత్త మాత్రం నవ్వలేదు. "ఎంత జల్లించి ఏం లాభంలే. బిడ్డ ఒంటికి అంటాల కదా. నీ చెయ్యి మంచిది కాదు."

ఆ మాట కొత్తది కాదు. అంగన్‌వాడీలో తూకం వేసిన ప్రతిసారీ టీచరు బరువు కార్డులో పెట్టే చుక్క పచ్చగీతల్లోకి ఎక్కకుండా పసుపులోనే ఆగిపోయేది. అది చూసిన రోజు గౌతమికి ముద్ద దిగేది కాదు. పాప మణికట్టు చుట్టూ తన బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూసుకునేది, కొంచెమన్నా లావెక్కిందేమోనని. వీధిలో ఏ బొద్దుపిల్ల కనిపించినా తనను ఎవరో తిట్టినట్టు అనిపించేది. తండ్రి కదా, జోయల్‌ను ఎవరూ ఆ మాట అనరు. చెయ్యి మంచిది కాదనిపించుకునేది తల్లే.

కళ్యాణదుర్గం బస్టాండు ఎదురు సందులో జోయల్‌ది నెట్ సెంటరు. మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్సు. మధ్యాహ్నం అతను ఇంటికి వచ్చి తిని ఒక కునుకు తీసేదాకా అంగడి గౌతమిది. ఇంటి పనంతా ముగించి, పాపను చంకనేసుకుని పోయి షట్టరెత్తి కూర్చునేది. "కూర్చునేదే కదా, అదేమన్నా పనా?" అనేవాడు జోయల్. అతని చెప్పుల చప్పుడు మెట్ల మీద వినబడగానే కంప్యూటరు ముందరుండే తిరిగే కుర్చీలోంచి లేచి, జిరాక్సు పక్కనుండే స్టూలు మీదికి జరిగేది. అట్లా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. అలవాటయిపోయింది. పుట్టినూరు కుందుర్పి నుంచి ఇంటరు చదవడానికి ఇదే ఊరికి బస్సులో వచ్చేది ఒకప్పుడు. మొదటి సంవత్సరం ముగియకముందే, "రోజూ బస్సెక్కే ఆడపిల్లను ఎన్నాళ్ళని కాచుకునేది?" అన్నాడు నాయన. కాచుకునే పని జోయల్‌కు అప్పగించి చేతులు దులుపుకున్నాడు.

వెబ్‌సైటు పెట్టాలన్నది జోయల్ ఆలోచనే. ఎవరిదో అంగడి సరుకు గురించి మన పేజీలో రాయాలి, ఆ అంగడికి దోవ చూపించే లింకు పెట్టాలి, దాన్ని నొక్కి పోయినవాళ్ళు ఏమన్నా కొంటే మనకు కమీషన్. సరుకు మనది కాదు, పంపేదీ మనం కాదు. సెల్‌ఫోన్ల మీద ఒకటి, మోటారు సైకిళ్ళ మీద ఒకటి, అక్కడా ఇక్కడా కాపీ కొట్టి పెట్టినాడు. ఈగ కూడా వాలలేదు. "చిన్నది పట్టుకోవాలంట, మే. అందరికీ కావల్సింది కాదు, కొందరికే కావల్సింది," అన్నాడు ఒకరోజు. బెంగుళూరు కంపెనీ ఒకటి పిల్లల రాగిపొడి డబ్బాలు అమ్ముతోందని చెప్పి, "నీకు తెలిసిన కత కదా, నువ్వు రాయి," అని ఆమె ముందర పడేసినాడు.

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెరమీద తెలుగు అక్షరాలు లేచి నిలబడతాంటే గౌతమికి ఒళ్ళు జలదరించింది. పరీక్ష పేపరు ముందర కూర్చున్నట్టు, తప్పు రాస్తే ఎవరో కొడతారన్నట్టు భయపడతానే రాసింది. రాగులు ఎంతసేపు నానాలో, మొలక ఎంత పొడవు రావాలో, జావ గడ్డలు కట్టకుండా ఎట్లా తిప్పాలో, అమ్మ ఆంజినమ్మ చేసినట్టే అన్నీ విప్పి చెప్పింది. చివర్లో డబ్బాకు లింకు పెట్టింది. జనం వచ్చినారు. హైదరాబాదు, పుణె, సూరత్, యాడెక్కడి తెలుగు తల్లులో వచ్చి, చదివి, దండాలు పెట్టి పోయినారు. డబ్బా మాత్రం ఒక్కరూ కొనలేదు.

"కొంటారా యాడన్నా?" జోయల్ తల కొట్టుకున్నాడు. "అంగడి ముందర నిలబడి, ఈడ కొనొద్దు, మీ ఇండ్లలోనే చేసుకోండని అరిచినట్టుండాది నీ రాత!"

అతను అన్నది నిజమే. గౌతమి కూడా నవ్వుకుంది. కానీ పేజీ కింద ఆ తల్లులు రాసిన మాటలు ఆమెను వదల్లేదు. జల్లెడలో పొట్టు దిగుతోందంట, పిల్లలకు దగ్గొస్తోందంట. పట్నంలో విసుర్రాయి దొరకదంట. వీళ్ళకు లేనిది పొడి కాదు, పనిముట్లు. వంట సామాన్ల అంగడి ఒకటి వెతికి, సన్నకన్నుల జల్లెడకూ, చిన్న విసుర్రాయికీ లింకులు పెట్టింది. ఏ జల్లెడ కొనకూడదో కూడా రాసింది. "కొనొద్దని రాసి యాపారం చేసేదాన్ని నిన్నే చూస్తాండా," అన్నాడు జోయల్. జల్లెడలు అమ్ముడుపోయినాయి. విసుర్రాళ్ళు పోయినాయి. చెక్కు జోయల్ పేరు మీద వచ్చింది, బ్యాంకు ఖాతా అతనిదే కాబట్టి. పక్క టీ అంగట్లో "నా సైటు" అని చెప్పుకుంటాంటే జిరాక్సు తీస్తా వినింది గౌతమి. ఏమో పోనీలే అనుకుంది. పోనీలే అనుకోవడం ఆమెకు అన్నంలో నీళ్ళు పోసుకున్నంత సులువు.

అప్పుడు పొడి కంపెనీ జోయల్‌కు రాసింది. పేజీ ముందర తమ డబ్బా పెడితే కమీషన్ రెట్టింపు ఇస్తామనింది. ఒక తల్లి చెప్పిన మాట, బిడ్డ ఫోటో ఉంటే బాగుంటుందనింది.

మరుసటి మధ్యాహ్నం గౌతమి పేజీ తెరిస్తే అన్నిటికంటే పైన కొత్త రాత ఉంది. "ఒక తల్లిగా చెప్తున్నాను. మా రూతు ఎముకల గూడులా ఉండేది. ఈ పొడి తిన్నాకే ఇట్లా అయింది." తల్లిగా చెప్పినవాడు జోయల్, ఒక్కరోజు కూడా జావ గిన్నె పట్టుకోనివాడు. కింద ఫోటోలో ఎవరి బిడ్డో, తెల్లగా, బుగ్గలు జారి ఉంది. దాని కింద తన పాప పేరు. స్టూలు కాళ్ళ దగ్గర కాగితాలు చించుకుంటున్న రూతును చూసి, మళ్ళీ ఫోటోను చూసింది.

రాత్రి ముద్ద వడ్డిస్తా అడిగింది. "ఆ పొడి పాప నోట పెట్టలేదు కదప్పా?"

"పెట్టకపోతే ఏం? అందరూ అట్లే రాస్తారు."

"ఎవరన్నా నమ్మి బిడ్డకు పెడితే?"

"నీ పేరు యాడన్నా ఉండాదా, మే, ఆ పేజీలో? లేదు కదా. మాటొస్తే నాకొస్తాది. నీకేం భయం?" అని, వాళ్ళమ్మకు చూపించడానికి తెచ్చిన రంగుల ప్రింటు తీసినాడు.

చదువురాని కదిరమ్మ దాన్ని దీపం దగ్గర పెట్టుకుని చూసింది. "ఇదెవురి బిడ్డరా?"

"మన రూతే అనుకోమ్మా."

"మన బిడ్డకేమయింది, మన బిడ్డను పెట్టకుండా?" అని కాగితం వెనక్కి పారేసింది. తర్వాత కోడలి మొహంలోకి చూడకుండానే, "ముద్ద చల్లారతాండాది, తినుపో," అనింది.

మర్నాడు షట్టరెత్తేసరికి పుణె నుంచి ఒకామె రాసిన మాట కనిపించింది. "అక్కా, మా బాబు నెలలు నిండకుండా పుట్టినాడు. జావ పెట్టే వయసొచ్చింది. బరువు పెరగడం లేదు. మీ రూతును చూసినాక ధైర్యం వచ్చింది. అన్నీ ఆపి ఈ పొడే పెట్టమంటారా?"

గౌతమి ఆ మాటను మళ్ళీ మొదటినుంచి చదివింది. పుణెలో ఆ పిల్ల కూడా బాబు మణికట్టును రెండు వేళ్ళతో చుట్టి చూసుకుంటూ ఉంటుంది. ఆమెనూ ఎవరో నీ చెయ్యి మంచిది కాదని అని ఉంటారు. ఆ భయం ఎట్లుంటాదో జోయల్‌కు తెలియదు. అమ్మకానికి పెట్టింది మాత్రం దాన్నే. పేరు లేకపోతే భయం లేదన్నాడు. ఇన్నేళ్ళూ తను బతికింది అట్లే కదా. పేరు లేదు, కాబట్టి మాట లేదు. చెక్కు లేదు, కుర్చీ లేదు. ఇప్పుడు అబద్ధంలో కూడా తన నోరు వాడుకుంటున్నారు, పేరు మాత్రం లేదు.

ఫోటో తీసేసింది. జోయల్ రాత తీసేసింది. డబ్బా లింకు తీసేసింది. సాయంత్రం ఇంట్లో ఏమవుతుందో తెలుసు. పుణె ఆమెకు రాసింది. "చెల్లీ, మొదట డాక్టరుకు చూపించు. ఆ మాట నేను చెప్పింది కాదు. ఆ ఫోటో నా బిడ్డది కాదు. నా బిడ్డ సన్నంగా ఉంటుంది, ఆడుకుంటుంది. నాకూ భయమే." ఆ తర్వాత పేజీ అడుగుకు పోయి, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న చోట ఒక్కొక్క అక్షరమే కొట్టింది. "ఈ పేజీ రాసేది గౌతమి, కళ్యాణదుర్గం."

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. కాళ్ళు అలవాటుగా లేవబోయినాయి. నేలకు అదిమి పెట్టింది.

జోయల్ లోపలికొచ్చి, తెర చూసి, ఆమెను చూసి, కుర్చీ పక్కన నిలబడినాడు. "ఏం చేసినావే? లెయ్."

"చెప్తా అప్పా," అనింది గౌతమి, తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా. "ఆ స్టూలు లాక్కో."