మద్రాసు సరుకు

ముత్తుకూరులో ఫాషన్ అనేది పందొమ్మిదివందల అరవై ఒకటిలో, మౌలా మాస్టరు కుట్టు కొట్లో పుట్టింది. పుట్టించింది మౌలాయేనని ఊరంతా నమ్మింది. నాలుగు నెలలు గడిచేసరికి మౌలా కూడా నమ్మాడు. అసలు పుట్టించిన మనిషి మాత్రం ఆ కొట్లోనే, గోనెపట్టా తెర వెనక కూర్చుని మిషను తొక్కుతూ ఉండేది. ఆవిడ మౌలా భార్య జమాల్‌బీ.

మౌలాకు రెండు విద్యలు బాగా వచ్చు. మెడలో టేపు వేసుకుని ఆది జాకెట్టును కొలవడం ఒకటి, కొలుస్తున్నంతసేపూ మాట్లాడటం రెండోది. కత్తిరించడం, కుట్టడం, కాజాలు తీయడం, ఇస్త్రీ చేయడం వంటి చిల్లర పనులన్నీ జమాల్‌బీవి. పదకొండేళ్లుగా ఇదే వరస. సొమ్మొకడిది సోకొకడిది అన్న పెద్దమనిషి ఈ సంసారాన్ని చూసి ఉంటే ఆ మాట ఇంకొంచెం గట్టిగా అనేవాడు. ఈ పదకొండేళ్లలో ఒక్కరంటే ఒక్కరు తెర తీసి, బాగా కుట్టినావమ్మా అని ఆమెతో అన్న పాపాన పోలేదు.

ఏటా క్రిస్మస్ ముందర మిషన్ కాంపౌండుకు సముద్రాల అవతల దొరల సీమ నుంచి బట్టల మూటలు వచ్చేవి. అక్కడి పుణ్యాత్ములు తాము విడిచిన బట్టల్ని ఇక్కడి బీదల కోసం పంపేవారు. వారి దయకు వంక పెట్టలేం గానీ, ముత్తుకూరు ఎండ సంగతి ఎవరూ వాళ్లకు జాబు రాసినట్టు లేదు. మోకాళ్ల దాకా దిగే ఉన్ని కోట్లు, చెవులు మూసే టోపీలు, చేతి తొడుగులు దిగేవి. పాస్టరుగారి భార్య మగ్దలీనమ్మ వాటిని వరండాలో కుప్పలు పోయించి, బీదల నిధి కోసం చౌకగా అమ్మేది. కోట్లను రాత్రిపూట సముద్రం మీద చేపల వేటకు పోయే పట్టపువాళ్లు కొనేవారు. గౌన్లను మాత్రం ఎవరూ వేలితో కూడా ముట్టేవారు కాదు. పిక్కలు కనబడే బట్ట ఏ ఆడది కడుతుంది? పైగా అవి చచ్చినవాళ్ల ఒంటిమీంచి తీసినవని ఒక పుకారు. ఎవరు పుట్టించారో తెలియదు గానీ, ఊళ్లో ప్రతివాళ్లూ దాన్ని కళ్లారా చూసినట్టే చెప్పేవారు.

ఆ గౌన్లను జమాల్‌బీ బొంతలకని చెప్పి కొన్నది. సోడా వేసి ఉడకబెట్టి, ఉతికి, ఆరేసి, కుట్లన్నీ విప్పింది. విప్పిన ముక్కల్ని నేల మీద పరిచి చాలాసేపు అలా చూస్తూ కూర్చునేది. ఆ గౌనులో జాకెట్టు ఎక్కడ దాగి ఉందో ఆమెకు కనబడేది. ఒక గౌను కుచ్చెళ్లలో రెండు జాకెట్లు దొరికాయి. కాలరుకున్న లేసు ఊడదీస్తే బుట్ట చేతులకు అంచు అయింది. అటువంటి జాకెట్టు నెల్లూరులో కూడా ఎవరూ చూసి ఉండరు. అది పూర్తయిన రోజు ఆమెకు అన్నం కూడా తినబుద్ధి కాలేదు, అంత సంతోషం.

మౌలా దాన్ని కొట్టు ముందర తగిలించాడు. ఈ గుడ్డ యాడిది మాస్టరూ అని మొట్టమొదట అడిగింది బడిపంతులమ్మ రెబెక్కమ్మ.

"మద్రాసు సరుకమ్మా. మొన్ననే దిగినాది" అన్నాడు మౌలా, రెప్ప కూడా ఆర్పకుండా.

విడిచిన బట్టని నిజం చెబితే ఆ వీధిలో ఎవరూ కొట్టు వైపు తొంగిచూడరని అతని భయం. భయం న్యాయమైనదే. ఆ రోజు నుంచి మద్రాసు సరుకు కోసం ఆడవాళ్లు ఎగబడ్డారు. వరండాలో ఊదారంగు గౌనును రెండు వేళ్లతో పట్టి, మొహం పక్కకు తిప్పుకుని జమాల్‌బీ గంపలో పడేసిన మగ్దలీనమ్మ, రెండు నెలలకు అదే గౌనును జాకెట్టుగా తొడుక్కుని చర్చికి వచ్చింది. "ఈడ దొరికే గుడ్డలు నా ఒంటికి పడవు రెబెక్కమ్మా, నాకు మద్రాసుదే కావాల" అని చెప్పుకుంది కూడా. కరణం కామాక్షయ్యగారి భార్య అందరికంటే ఘనురాలు. అసలైన సరుకే కావాలని, బట్టను భర్త చేత నేరుగా మద్రాసు నుంచే తెప్పించి కుట్టించుకుంది.

అలా ఉండగా మిషన్‌కు కొత్త దొరసాని వచ్చింది. ఆవిడను చూడటానికి ఊరి ఆడవాళ్లంతా కాంపౌండు వరండాలో చేరారు. మగ్దలీనమ్మకు కుట్టిన కొత్త జాకెట్టు ఇచ్చిపోదామని వచ్చిన మౌలా, జమాల్‌బీ కూడా ఒక పక్కన నిలబడ్డారు. దొరసాని పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగులో మొదలుపెట్టింది.

"సోదరీమణులారా! మా దేశమునుండి వచ్చిన గౌనులు ఒక గదినిండ పడియున్నవి. వాటిని విప్పి, మీరు ధరించదగిన వస్త్రములుగా మార్చగల స్త్రీ ఇచ్చట ఎవరైనను కలదా? ఆమెను బాలికల హాస్టలునందు కుట్టు టీచరుగా నియమించెదను."

వరండా అంతా గొల్లున నవ్వింది.

"విడిచిన గుడ్డలా తల్లీ! మేం పొయ్యిగడ్డ తుడవను గూడా వాడం" అంది కరణంగారి భార్య.

"ఛీ, తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తా ఉండాది" అంది మగ్దలీనమ్మ, ఊదారంగు బుట్ట చేతులు సవరించుకుంటూ.

జమాల్‌బీ ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. ఆ ఉద్యోగం దేవుడు తనకోసమే కొలతలు తీసి కుట్టించినట్టుంది. టీచరమ్మ అని పిలుస్తారు. తెర ఉండదు. కానీ నోరు తెరిస్తే ఇక్కడున్న ప్రతి ఒంటి మీది గుట్టూ రట్టవుతుంది, కొట్టుకు తాళం పడుతుంది. మౌలాకు సంగతి అర్థమై ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మే, నోరెత్తబాక. రేపట్నుంచి గంజి గూడా పుట్టదు మనకి" అని గుసగుసలాడాడు.

గంజి లేకపోతుందన్న భయం ఆమెకూ ఉంది. కానీ, ఈ రోజు నోరు మూసుకుంటే చచ్చేదాకా గోనెపట్టాను చూస్తూ కూర్చోవాలన్న భయం దానికంటే పెద్దది. ఆమె చెయ్యి విడిపించుకుని ముందుకు వచ్చింది.

"నేనుండాను దొరసానమ్మా" అని, మగ్దలీనమ్మ వైపు తిరిగింది. "అమ్మగారూ, కోప్పడబాకండి. మీరు తొడుక్కున్నది పోయిన క్రిస్మస్సుకి మీ చేత్తోనే నాకమ్మిన ఊదా గౌను. చేతులకుండే లేసు దాని కాలరుది. రెబెక్కమ్మ టీచరమ్మా, మీది గులాబీపూల గౌను, కింది కుచ్చెళ్లు. మద్రాసు సరుకని చెప్పింది అబద్ధం. కుట్టింది మాత్రం నేనే."

మగ్దలీనమ్మ రెండు చేతులూ ఒంటికి తగలకుండా ఎత్తి పట్టుకుని, ఏడుపు మొహం పెట్టింది. మౌలా గేటు ఎంత దూరముందో చూసుకున్నాడు. దొరసాని కళ్లజోడు పెట్టుకుని లేచింది. మగ్దలీనమ్మను అటూ ఇటూ తిప్పి, చంక కింద కుట్టు దాకా పరీక్షించింది.

"సత్యమే! ఇది మా దేశపు వస్త్రము. ఇంత నాణ్యమైనది మద్రాసులో దొరకదు."

ఆ ఒక్క మాటతో చచ్చినవాళ్లంతా బతికారు. గాల్లో ఉన్న మగ్దలీనమ్మ చేతులు మెల్లగా దిగివచ్చి, జాకెట్టును నిమరడం మొదలుపెట్టాయి.

"నేను అప్పుడే అనుకుంటి. మద్రాసు గుడ్డకి ఇంత మెరుపు యాడినుంచి వస్తాది?" అంది.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. సముద్రం దాటి వచ్చిన పుల్లకూర అయితే ఇక చెప్పాలా! నాది సీమదేనా, నాది సీమదేనా అని ఆడవాళ్లంతా జమాల్‌బీని చుట్టుముట్టారు. కరణంగారి భార్య ఒక్కతే దూరంగా నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"అందరికీ సీమ గుడ్డ పెట్టి, నాకొక్కదానికి మద్రాసుదా? నేనేం పాపం చేస్తినయ్యా మౌలా?"

"వచ్చే మూటలో మొదటి గౌను మీదేనమ్మా" అన్నాడు మౌలా. గేటు సంగతి అప్పటికే మరిచిపోయాడు.

సోమవారం నుంచి పనిలో చేరమని దొరసాని జమాల్‌బీకి కాగితం రాసిచ్చింది. ఇంటికి పోయే దారంతా మౌలా, ఆ నిజాన్ని తానే సమయం చూసి చెప్పాలనుకున్నట్టు వివరించాడు. కొట్టు దగ్గరకు వచ్చాక ఒక సందేహం పుట్టి ఆగిపోయాడు.

"అది సరే గానీ, నువ్వు పొద్దస్తమానం హాస్టల్లో ఉంటే ఈ సీమ జాకెట్లన్నీ ఎవరు కుట్టేది?"

జమాల్‌బీ అతన్ని లోపలికి తీసుకుపోయి మిషను ముందర కూర్చోబెట్టి, దారం కొస చేతికిచ్చింది. అతను సూది వైపు మూడుసార్లు గురిపెట్టాడు. మూడుసార్లూ దారం పక్కకే పోయింది.

"కొస తడిచేసుకోవయ్యా, వంకర పోదు" అంది కొత్త టీచరమ్మ. "హాస్టల్లో పిల్లకాయలు దీన్ని ఒక్క పూటలో నేర్చుకుంటారు. నీకు శనాదివారాలు రెండూ ఉండాయి."