ఐసుపెట్టెలో పరువు

పరువు గల మగాళ్లను చూస్తే ప్రమీలారాణికి ఒళ్లు మంట. కిరండూల్ ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఏళ్లుగా అలాంటి పరువులు చాలా చూసింది. ఇప్పుడు ఆమె ఎదుట నిలబడ్డ రైల్వే మేస్త్రీ జయరావుది అన్నిటికన్నా పెద్దది. తొమ్మిదేళ్లుగా పిల్లల్లేరని మందులన్నీ భార్య రత్నం చేతే మింగించాడు. తీరా అతని వీర్యం పరీక్షకిమ్మంటే, ఆసుపత్రి గదిలో ఇవ్వడం నామోషీ అనుకుని, ఇంట్లోనే సీసాలో పట్టి, రాత్రంతా ఫ్రిజ్జు ఐసుపెట్టెలో గడ్డకట్టించి, పొద్దున్నే దర్జాగా పట్టుకొచ్చాడు.

ప్రమీలారాణి దాన్ని కరిగించి మైక్రోస్కోపులో చూసింది. ఒక్క కణమూ కదలలేదు.

"అన్నీ చచ్చాయి. గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు కణాల పొరను చీల్చేస్తాయి. పెద్ద ల్యాబుల్లో మందు కలిపి, పద్ధతిగా చల్లబరిచినా కరిగించేసరికి చాలావరకు పోతాయి. మీరేమో ఐసుముక్కల పక్కన పెట్టారు! దీన్ని చూసి మీలో లోపముందో లేదో చెప్పలేను. ఆ గదిలోకెళ్లి మళ్లీ ఇవ్వండి," అంటూ కొత్త సీసా ముందు పెట్టింది.

జయరావు సీసా ముట్టలేదు.

"అదేటమ్మా, ఇశాపట్నం సేప ఐసులో రైలెక్కి ఇక్కడిదాకా వస్తాది. తాజాగానే ఉంటాది గదా! నాకే లోపమూ నేదు. ఉంటే దానికే," అని భార్య వైపు గడ్డం ఎగరేశాడు.

తొమ్మిదేళ్ల మందుచీటీలు ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్న రత్నం తలెత్తింది.

"సేపని సచ్చాకే గదా మావా, ఐసులో పెడతారు!" అంది.