ఒక్క గడి ఎక్కువ

నది కొలతల ఆఫీసు వాళ్లు సాయంత్రం అయిదింటి దాకా గడువిచ్చారు. ఆలోగా వరద లెక్క గంటలోపు తేలేట్టు చెయ్యకపోతే, ఆమె పన్నెండేళ్లుగా రాసి నిలబెట్టిన గణిత లైబ్రరీని, అంటే కంప్యూటర్లో ఆ లెక్కలు చేసిపెట్టే కోడ్‌ని, పక్కన పెట్టేస్తారు. ప్రస్తుతం ఆ లెక్కకు మూడు గంటలు పడుతోంది.

తప్పెక్కడుందో పొద్దున్నే దొరికింది. అంకెలు దాచే జాబితా నిండినప్పుడల్లా, మెమరీలో సరిగ్గా ఒక్క గడి ఎక్కువున్న చోటు వెతుక్కుని పాతవన్నీ అక్కడికి మోసుకుపోతోంది. ఇంకో అంకె రాగానే మళ్లీ మూటాముల్లె సర్దుకోవడమే. లక్షల సార్లు. రాసిన చెయ్యి తనదే. ఆ కోడ్ పైన రాసిపెట్టిన వ్యాఖ్య కూడా తనదే: ‘ఒక్క గడి కూడా వృథా కాకూడదు.’

ఆ మాట ఎక్కడ నేర్చిందో గుర్తొచ్చింది. మొదటి ఉద్యోగంలో చిన్న మెషీను, వెనకే నిలబడి ఖాళీ గడులు లెక్కపెట్టే పెద్దాయన. ఆయన పోయి ఏళ్లయింది. ఆమె మాత్రం ఇప్పటికీ బస్సులో సీటు అంచునే కూర్చుంటుంది. వదిన పొద్దున పంపిన సందేశానికి ఇంకా జవాబివ్వలేదు: ‘రాత్రి భోజనానికి వస్తావా? చెబితే నీకూ కలిపి వండుతాను.’

“నిండినప్పుడల్లా చోటు రెట్టింపు చేసెయ్యండి మేడమ్, పీడా పోతుంది,” అన్నాడు పరీక్షలు నడిపే సహోద్యోగి. ఎప్పుడూ టైమే చెబుతుంటాడని అందరూ అతన్ని గడియారం అంటారు.

చేసింది. వేగం వచ్చింది. కానీ చివరి రెట్టింపు దగ్గర పాత జాబితా, కొత్త జాబితా ఒకేసారి మెమరీలో పట్టక మెషీను చేతులెత్తేసింది.

“నాలుగూ పది,” అన్నాడు గడియారం.

“కాసేపు నోరు మూస్తావా?”

“మూసినా నాలుగూ పదే మేడమ్.”

ఆమె నది ఆఫీసుకు ఫోన్ చేసింది. “మొత్తం ఎన్ని కొలతలొస్తాయండీ?”

“అదేంటమ్మా, లెక్క మొదలెట్టకముందే మాకు తెలుసుగా! మీరే ఎప్పుడూ అడగలేదు.”

నిజమే. పన్నెండేళ్లలో ఆ లైబ్రరీ ఎవర్నీ ఆ ప్రశ్న అడగలేదు. అడగడమంటే, నాకింత చోటు కావాలని నోరు తెరవడమే కదా.

పదిహేను వరసల కోడ్ రాసింది. ముందే సంఖ్య అడిగి, అంత చోటూ ఒక్కసారే తీసుకునేట్టు. ఈసారి జాబితా ఎక్కడికీ కదల్లేదు. లెక్క పద్దెనిమిది నిమిషాల్లో తేలింది.

“నాలుగూ యాభై రెండు,” అన్నాడు గడియారం, గొంతు తగ్గించి.

నది ఆఫీసు నుంచి ఒక్క ముక్క వచ్చింది: ‘ఉంచుతున్నాం.’ ఆమె సంతోషం కోసం కాసేపు ఎదురుచూసింది. అలసటే వచ్చింది. పాత వ్యాఖ్యను చెరిపేసి ఫోన్ అందుకుంది.

‘కుదిరితే వస్తాను, నాకోసం ఏమీ వండొద్దు’ అని అలవాటుగా రాసి, తీసేసింది.

‘వస్తున్నాను వదినా. నాకూ వండు.’

పంపించి, ఆ రోజంతటిలో మొదటిసారి కుర్చీకి పూర్తిగా చేరగిలబడింది.